సోడియం దానం చేసిందా?

మా శాఖ నెలవారీ సమావేశంలో ఈమధ్య ఒక డిగ్రీ విద్యార్థిని తాను రాసిన వ్యాసం చదివింది. విషయం రసాయన బంధం. సాహిత్య సమావేశంలో ఈ పరమాణువుల గొడవేమిటని ఒకరిద్దరు మొహమొహాలు చూసుకున్నారు గాని, చదవడం మొదలయ్యాక అందరూ శ్రద్ధగానే విన్నారు. సోడియం పరమాణువు చివరి కర్పరంలో ఒకే ఒక్క ఎలక్ట్రాను ఉంటుంది, అది దానికి బరువు. క్లోరిన్‌కు ఒక్కటే తక్కువ, అది దానికి వెలితి. సోడియం ఉదారంగా తన ఎలక్ట్రానును దానం చేస్తుంది. క్లోరిన్ కృతజ్ఞతతో స్వీకరిస్తుంది. ఇద్దరూ జడవాయువుల స్థాయికి ఎదిగి, ఒకరినొకరు విడవలేని జంటగా మారతారు. ఆ జంట పేరే ఉప్పు. వ్యాసం అయిపోగానే చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను.

ఇంటికి వచ్చాక మాత్రం నిద్ర పట్టలేదు. ఆ అమ్మాయి రాసిన మాటలు నావే. ముప్ఫై ఏళ్ళకు పైగా ఇంటర్మీడియెట్ తరగతుల్లో రసాయన శాస్త్రం చెప్పినవాణ్ణి నేను. ‘దానం’, ‘కోరిక’, ‘జంట’ అన్న మూడు మాటలతోనే ఆ పాఠాన్ని వెళ్ళదీశాను. అంచేత ఈ వ్యాసాన్ని ఆమె మీద విమర్శగా ఎవరూ చదవవద్దు. ఇది ఒక కథ మీద విమర్శ. తెలుగునాట ఇంతమంది కంఠస్థం చేసిన కథ మరొకటి ఉండదేమో. అందులో పాత్రలున్నాయి, వాటికి కోరికలున్నాయి, కొరతతో మొదలై సుఖాంతంతో ముగిసే ఇతివృత్తం ఉంది. కథ అయినప్పుడు విమర్శకుడు దాన్ని ముట్టుకోగూడదని ఎక్కడా లేదు.

మొట్టమొదట ‘దానం’ సంగతి. దానమంటే తనంత తాను ఇచ్చేది గదా. కాని విడిగా ఉన్న సోడియం పరమాణువు తన ఎలక్ట్రానును తనంత తాను వదలదు. దాన్ని పీకాలంటే ఒక మోలుకు 496 కిలోజౌళ్ళ శక్తి మనం ఖర్చు పెట్టాలి. సరే, పుచ్చుకునే క్లోరిన్ ఆ ఖర్చు తీరుస్తుందా అంటే, ఎలక్ట్రాను చేరినప్పుడు వెలువడేది 349 మాత్రమే. ఇచ్చిపుచ్చుకోవడం ఒక్కటే జరిగితే 147 కిలోజౌళ్ళ నష్టం. ఇంతటితో అయిపోలేదు. సోడియం మొదట్లో లోహపు ముద్దగా ఉంది. అందులోంచి పరమాణువుల్ని విడివిడిగా చెయ్యడానికి 107 కావాలి. క్లోరిన్ వాయువులో పరమాణువులు జంటలుగా ఉన్నాయి. వాటిని విడగొట్టి ఒక మోలు పరమాణువులు తీయడానికి 121 కావాలి. అన్నీ కూడితే అప్పు 375 కిలోజౌళ్ళకు చేరింది. ఏ షావుకారూ ఇలాంటి వ్యాపారం చెయ్యడు. అయినా సోడియం, క్లోరిన్ కలిస్తే పచ్చని మంటతో భగ్గున మండి, తెల్లని ఉప్పు మిగులుతుంది. మరి ఈ అప్పు తీర్చిందెవరు?

తీర్చింది స్ఫటికం. విడివిడి అయాన్లు వచ్చి ఒక పద్ధతిగా పేర్చుకున్నప్పుడు, మోలుకు 787 కిలోజౌళ్ళు వెలువడతాయి. దీన్నే స్ఫటిక జాలక శక్తి అంటారు. 375 అప్పు పోగా 412 దాకా మిగులుతుంది. ఉప్పు పుట్టేటప్పుడు వచ్చే వేడిని కొలిచి చూస్తే దాదాపు అంతే, 411. ఈ జమాఖర్చు పద్ధతిని 1919లో మాక్స్ బోర్న్, ఫ్రిట్జ్ హేబర్ తయారుచేశారు. వందేళ్ళు దాటింది. మా పాఠ్యప్రణాళికలోనూ ఇది ఉంది, పరీక్షలో లెక్కగా ఇస్తాం కూడా. కాని లెక్క ఒక పేజీలో, దానం కథ ఇంకో పేజీలో. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేస్తున్నాయని నేను ఒక్క తరగతిలోనైనా చెప్పిన గుర్తు లేదు. లెక్కలో మార్కులు వచ్చిన పిల్లవాడు కూడా కథనే ఇంటికి పట్టుకుపోతాడు.

కథలో రెండో పాత్ర ‘జంట’. అది ఇంకా పెద్ద అబద్ధం. 1913లో బ్రాగ్ తండ్రీకొడుకులు ఎక్స్ కిరణాలతో ఉప్పు స్ఫటికం లోపలి అమరిక కనుక్కున్నప్పుడు, అక్కడ ఒక్క జంట కూడా కనిపించలేదు. ప్రతి సోడియం అయాను చుట్టూ ఆరు క్లోరైడులు, ప్రతి క్లోరైడు చుట్టూ ఆరు సోడియంలు. ఈ సోడియం ఈ క్లోరైడుది అని చెప్పడానికి ఆధారమే లేదు. ఈ వార్త రసాయన శాస్త్రజ్ఞులకే మింగుడు పడలేదు. హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే పెద్దాయన 1927లో ‘నేచర్’ పత్రికకు ఉత్తరం రాసి, ఉప్పును చదరంగం బల్లగా మార్చేస్తారా, ఇదేం ఇంగితం అని మండిపడ్డాడు. ఆ ముసలాయన కోపంలో నాకు నా తరగతిగది కనిపిస్తుంది. జంట అనే బొమ్మను వదులుకోవడం ఆయనకు ఎంత కష్టమైందో, మనకూ అంతే కష్టంగా ఉంది. ఉప్పును బాగా వేడిచేసి ఆవిరి చేస్తే విడి జంటలు దొరికే మాట నిజమే. కాని మన వంటింటి డబ్బాలో ఉన్నది ఆవిరి కాదు.

అసలు మనం తినే ఉప్పు ఎవరి దానం వల్లా పుట్టింది కాదు. చినగంజాం వైపో, నౌపడ వైపో ఎండాకాలంలో వెళ్ళి చూడండి. సముద్రపు నీటిని మళ్ళకు పెడతారు. ఆ నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి, ఎక్కువ భాగం ఉప్పే. అందులోని సోడియం ఏనాడో అయాను, క్లోరిన్ ఏనాడో క్లోరైడు. ఒక్కొక్కదాన్నీ నీటి అణువులు చుట్టుముట్టి, ఒకదాని నుంచి ఒకటి దూరంగా ఉంచుతాయి. ఎండకూ గాలికీ నీరు ఎగిరిపోతున్నకొద్దీ చుట్టూ ఉన్న నీటి అణువులు తగ్గి, అయాన్లు ఒకదాని పక్కన ఒకటి అమరుతాయి. మడి అంచున తెల్లటి పొర కడుతుంది. ఆ పొర కట్టేదాకా నీళ్ళు ఒక మడిలోంచి ఇంకో మడిలోకి తిప్పుతూ, పలకతో లాగి కుప్పలు పోసే మనుషులున్నారు. ఇంత జరిగే చోట లోహపు సోడియం లేదు, క్లోరిన్ వాయువు లేదు, దాతా లేడు, గ్రహీతా లేడు. మన పాఠం ప్రయోగశాలలో, అదీ జాగ్రత్తగా, ఎప్పుడో ఒకసారి చూపించే మంటను తీసుకుని, దాన్ని ఉప్పు జన్మకథగా చెబుతోంది. మళ్ళలో పనిచేసేవాళ్ళు ‘ఉప్పు పండింది’ అంటారు. ఆ క్రియ మా పాఠంకన్నా నిజానికి దగ్గరగా ఉందని నాకు అనిపిస్తుంది.

ఇహ ‘జడవాయువుల స్థాయి’. ఈ వాయువులకు తెలుగులో ‘ఉత్కృష్ట వాయువులు’ అనే పేరు కూడా ఉంది. ఎవరితోనూ కలవనివాడు, ఎవరి అవసరమూ లేనివాడు ఉత్కృష్టుడు. మిగిలినవాళ్ళందరూ తమ కొరతలకు సిగ్గుపడుతూ ఆయనలా అయిపోవాలని తాపత్రయపడతారు. ఈ బొమ్మ ఎక్కణ్ణించి వచ్చిందో ఈ పత్రిక పాఠకులకు నేను విడమర్చి చెప్పనక్కర్లేదు. చివరి కర్పరంలో ఎనిమిది ఉండాలన్న నియమం కొండగుర్తుగా బాగా పనికొస్తుంది, కాదనను. కాని కొండగుర్తు పరమాణువు కోరిక ఎలా అవుతుంది? బోరాన్ ట్రైఫ్లోరైడులో బోరాన్ చుట్టూ ఆరే. ఫాస్ఫరస్ పెంటాక్లోరైడులో అయిదు బంధాలు. నైట్రిక్ ఆక్సైడులో మొత్తం ఎలక్ట్రానుల సంఖ్యే బేసి, ఎలా పంచినా ఎనిమిదులు రావు. 1916లో ఎలక్ట్రాన్ల జంటతో బంధాన్ని వివరించిన లూయిస్ కూడా ఎనిమిదికన్నా రెండే మూలమైన సంఖ్య అని తర్వాత 1923లో పుస్తకంలో రాశాడు. 1962లో నీల్ బార్ట్‌లెట్ జెనాన్‌తో సమ్మేళనం చేసి చూపించాక, ఉత్కృష్టులు ఎవరినీ ముట్టుకోరన్న మాట కూడా పోయింది. పాఠంలో ఈ సంగతి ‘మినహాయింపులు’ అన్న ఉపశీర్షిక కింద అయిదారు వాక్యాల్లో ఉంటుంది.

సమయోజనీయ బంధం దగ్గర క్రియ మారుతుంది. అక్కడ దానం లేదు, ‘పంచుకోవడం’ ఉంది. ఈ మాట కొంచెం మేలు. రెండు హైడ్రోజన్ పరమాణువులు 0.74 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలో నిలిచినప్పుడు, రెండు ఎలక్ట్రానులూ రెండు కేంద్రకాల ఆకర్షణలోనూ ఉంటాయి. విడివిడిగా ఉన్నప్పటికన్నా మోలుకు 436 కిలోజౌళ్ళు తక్కువ శక్తితో ఉంటాయి. 1927లో హైట్లర్, లండన్ అనే ఇద్దరు క్వాంటం సిద్ధాంతంతో ఈ బంధాన్ని మొదటిసారి లెక్కగట్టారు. (ఈ హైట్లర్ భౌతిక శాస్త్రజ్ఞుడు. పేరు విని తరగతిలో ప్రతి ఏడూ ఎవరో ఒకరు నవ్వుతారు.) అయితే పంపకం సమానంగా జరిగేది ఒకే రకం పరమాణువుల మధ్యనే. హైడ్రోజన్ క్లోరైడులో ఎలక్ట్రాన్ల మేఘం క్లోరిన్ వైపు ఒరుగుతుంది. ఎంత ఒరుగుతుందో అంచనా కట్టడానికి పౌలింగ్ 1932లో ఋణవిద్యుదాత్మకత కొలమానం ఇచ్చాడు. దాని ప్రకారం చూస్తే అయానిక బంధం, సమయోజనీయ బంధం రెండు వేరు వేరు జాతులు కావు. ఒకే దారిలో రెండు చివరలు. మన పాఠం వాటిని రెండు గదుల్లో పెట్టి తాళం వేసింది.

ఇంకో చిన్న సంగతి చెప్పకుండా ఉండలేను. ఒకే పరమాణువు రెండు ఎలక్ట్రానులనూ ఇచ్చే బంధానికి ఇంగ్లీషులో ఉన్న ఒక పేరు వ్యాకరణంలోని చతుర్థీ విభక్తి పేరే, మన సంప్రదానం. పాఠంలో దాత, స్వీకర్త అని నేర్పుతాం, బాణం గుర్తు వేయిస్తాం. అమోనియాకు హైడ్రోజన్ అయాను చేరి అమ్మోనియం అయాను ఏర్పడినప్పుడు నాలుగో బంధం అలాంటిదే. కాని ఏర్పడిన తర్వాత ఆ నాలుగు బంధాల్లో ఏది దానంగా వచ్చిందో ఏ కొలతా చెప్పలేదు. నాలుగూ ఒక్కటే. దానపత్రం మన నోటుపుస్తకంలోనే ఉంది, పదార్థంలో లేదు.

ఇదంతా శాస్త్రం మేష్టార్ల గొడవ, మాకెందుకు అని సాహిత్య మిత్రులు అనవచ్చు. ఎందుకంటే ఈ కథ శాస్త్రం నుంచి సాహిత్యంలోకీ, సాహిత్యం నుంచి శాస్త్రంలోకీ రాకపోకలు సాగిస్తోంది. ఇది ఇవాళ మొదలైంది కాదు. స్వీడన్ రసాయన శాస్త్రజ్ఞుడు బెర్గ్‌మన్ 1775లో, ఏ పదార్థం దేన్ని వదిలి దేనితో కలుస్తుందో ‘ఏరుకునే ఆకర్షణ’ అనే పేరుతో గ్రంథం రాశాడు. దాని జర్మన్ పేరునే గోథే 1809లో తన నవలకు శీర్షికగా పెట్టుకున్నాడు. ఆ జర్మన్ మాటకు మూలార్థం చుట్టరికం. మన ‘బంధం’లోంచి ‘బంధువు’ వచ్చినట్టే, అక్కడా రసాయనానికీ చుట్టరికానికీ ఒకే మాట. నవలలో భార్యాభర్తలూ, ఇంటికొచ్చిన స్నేహితుడూ కూచుని, సున్నపురాయి మీద గంధకామ్లం పోస్తే జిప్సం ఏర్పడి వాయువు లేచిపోవడం గురించి మాట్లాడుకుంటారు. తర్వాత ఆ సంసారంలోనూ అలాంటి మార్పిడే జరుగుతుంది. చాలామంది ఈ నవలను ‘ప్రేమ ఒక రసాయన చర్య’ అన్న ఒక్క ముక్కకు కుదించి చెబుతారు. అది తప్పు చదువు. ఆ సంభాషణలోనే భార్య షార్లెట్ అడ్డు తగులుతుంది. ఇందులో ఏరుకోవడం ఎక్కడుంది, ఉన్నదల్లా అనివార్యత, బహుశా అదీ కాదు, అవకాశం మాత్రమే, ఆ పదార్థాల్ని ఒకచోట చేర్చిన రసాయనజ్ఞుడి చేతిలో ఉంది అసలు ఎంపిక అంటుంది. గాలిలోకి పోయిన వాయువు మీద జాలి కూడా పడుతుంది. అంటే గోథే రూపకాన్ని వాడుకోవడమే కాదు, అదే పేజీలో దాన్ని బోనెక్కించాడు కూడా. రెండు వందల ఏళ్ళ కిందటి నవలలో పాత్ర వేసిన ప్రశ్న నా తరగతిలో ఒక్కరూ వెయ్యలేదంటే, వెయ్యనివ్వనిది నా కథనమే.

మన కవుల దగ్గరికి వస్తే, ఈమధ్య పరిశీలనకు నా దగ్గరికి వచ్చిన కవితల్లో బంధాలు తెంచితే శక్తి విడుదలవుతుందన్న భావం తరచుగా కనిపిస్తోంది. సంకెళ్ళు తెంచడం మంచి భావమే, దానితో పేచీ లేదు. కాని ‘రసాయన బంధం తెగి పేలింది’ అని కవి శాస్త్రాన్ని సాక్షిగా పిలిచినప్పుడు, ఆ సాక్షి ఎదురు తిరుగుతాడు. రసాయన బంధం ఏదైనా సరే, తెంచడానికి శక్తి పెట్టాలి. తెంచినందుకు వచ్చేది ఏమీ లేదు. హైడ్రోజన్ బంధం తెంచాలంటే ఆ 436 కిలోజౌళ్ళూ మనం కట్టవలసిందే. పేలుడు పదార్థం పేలినప్పుడు వచ్చే శక్తి, పాత బలహీన బంధాల స్థానంలో కొత్తవి, మరింత గట్టివి ఏర్పడినందువల్ల వస్తుంది. నత్రజని అణువులోని మూడు వరసల బంధం 945 కిలోజౌళ్ళది. చాలా పేలుడు పదార్థాల బలమంతా చివరికి ఆ అణువు తయారవడంలోనే ఉంది. ఇది తెలిస్తే ఆ కవి ఇంకా బలమైన కవిత రాసి ఉండేవాడని మొదట అనుకున్నాను. తర్వాత ఆ ఆలోచన మీద నాకే అనుమానం వచ్చింది. అణువులో కొత్త బంధం ఏర్పడితే శక్తి వస్తుంది గనక సమాజంలోనూ అంతే అని నేను అంటే, నేను చేసేదీ ఆ కవి చేసిందే. కాకపోతే లెక్క సరిచూసుకున్నాను, అంతే తేడా. అణువు మనకు ఉపమానం ఇవ్వగలదు. రుజువు ఇవ్వదు.

ఈ అనుమానం నాకు ఊరికే రాలేదు. ఒక పాత తప్పు చెప్పాలి. 1979లో, ఇరవయ్యారేళ్ళ వయసులో, ఒక చిన్న పత్రికలో రెజొనెన్స్ సిద్ధాంతం భావవాదమని నిరూపిస్తూ ఆరు పేజీల వ్యాసం రాశాను. విషయం క్లుప్తంగా ఇది. బెంజీన్‌లో ఆరు కర్బన పరమాణువులు వలయంగా ఉంటాయి. 1865లో కెకూలె వేసిన బొమ్మ ప్రకారం వాటి మధ్య ఒకటి విడిచి ఒకటి జంట బంధాలుండాలి. ఒంటి బంధం పొడుగు 1.54 ఆంగ్‌స్ట్రామ్‌లు, జంట బంధం 1.34. కాని కొలిస్తే ఆరూ సమానం, సుమారు 1.40. అంటే కెకూలె బొమ్మను ఇటు వేసినా అటు వేసినా సరిపోదు. పౌలింగ్ రెండు బొమ్మలనూ కలిపి, అసలు అణువు ఈ రెంటిలో ఏదీ కాదు, రెంటి మేళవింపుగా లెక్కించవచ్చు అన్నాడు. లేని నిర్మాణాలతో ఉన్న అణువును వివరించడమేమిటని సోవియట్ యూనియన్‌లో 1949 నుంచి దాడి మొదలై, 1951 జూన్‌లో మాస్కోలో జరిగిన సమావేశంలో ఆ సిద్ధాంతాన్ని భావవాదమని ఖండించారు. పౌలింగ్ పుస్తకాన్ని రష్యన్‌లోకి తెచ్చిన సిర్కిన్, ద్యాత్కినా అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు తప్పు ఒప్పుకోవలసి వచ్చింది. విచిత్రమేమిటంటే ఆ మరుసటి ఏడే, 1952లో, వామపక్షం వాడన్న అనుమానంతో అమెరికా ప్రభుత్వం అదే పౌలింగ్‌కు పాస్‌పోర్టు నిరాకరించింది. 1954లో రసాయన బంధం మీద చేసిన పరిశోధనకే ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

నేను ఆ ఖండనను తెలుగులో తిరగరాశాను. ఊరుకోకుండా, అదే కొలబద్దతో మా జిల్లా కవి ఒకరి సంపుటిని కూడా కొట్టిపారేశాను. ఆయన కవితలు రెండు అర్థాల మధ్య ఊగుతున్నాయనీ, ఇది సాహిత్యంలో రెజొనెన్స్ అనీ. ఎంత తెలివిగా రాశాననుకున్నానో! పత్రిక వచ్చిన వారానికి మా సీనియర్ లెక్చరర్ ఒకాయన స్టాఫ్‌రూములో అడిగాడు: “ఏమోయ్, పౌలింగ్ పుస్తకం చదివావా?” చదవలేదు. ఆయన తన బీరువాలోంచి 1960 నాటి మూడో ముద్రణ తీసి ఇచ్చాడు. అందులో పౌలింగ్ స్వయంగా చెబుతున్నాడు: ఈ నిర్మాణాల ఎంపికలో మన ఇష్టం కొంత ఉంది, ఇవి ఊహలే, కాని ఒంటి బంధం, జంట బంధం అన్న మామూలు మాటలు కూడా ఇలాంటి ఊహలే, పని జరుగుతుంది గనక వాడుతున్నాం అని. నేను ఆరు పేజీల్లో బట్టబయలు చేశాననుకున్న రహస్యం పుస్తకంలో అచ్చయి ఉంది.

మాస్కోలో లేచిన ప్రశ్న తప్పుది కాదని ఇప్పటికీ నా అభిప్రాయం. లేనిదానితో ఉన్నదాన్ని వివరించడం ఎంతవరకు సబబు అన్నది నిజమైన ప్రశ్నే. కాని దాన్ని తీర్మానంతో తేల్చారు. అంతకన్నా ముఖ్యం, ఒక్క రూపకాన్నే పట్టుకున్నారు. రెజొనెన్స్ ఊహ అయితే బెంజీన్ వలయంలో గీసిన గీత మాత్రం ఏమిటి? 1866లో ‘బంధం’ అన్న మాటను రసాయనంలో వాడుకలోకి తెచ్చిన ఫ్రాంక్‌లాండ్ కూడా, ఇది పరమాణువుల్ని కట్టే నిజమైన తాడేమీ కాదని అప్పుడే జాగ్రత్తపడ్డాడు. ఆ జాగ్రత్త మనకు తెలుగులోకి రాలేదు. ‘బంధం’ అనగానే మనకు కట్టు, చుట్టరికం, సంసారం, చెర అన్నీ ఒక్కసారిగా వచ్చి పడతాయి. మాట మనది, బరువు మనది. నేను అపరిచితమైన రెజొనెన్స్‌ను అనుమానించి, ప్రతిరోజూ నోట్లో ఆడే దానాన్నీ కోరికనూ తరగతిలో హాయిగా వల్లె వేయించాను. ఆ కవిగారికి నేను క్షమాపణ ఉత్తరం రాసేటప్పటికి ఆయన లేరు.

ఆ అమ్మాయికి ఈ సంగతులన్నీ చెప్పి, వ్యాసం మళ్ళీ రాయమన్నాను. ఆమె అడిగిన ప్రశ్న బాగుంది: “అయితే మాస్టారూ, ‘ఇస్తుంది’ బదులు ఏం రాయాలి? ‘లాక్కోబడుతుంది’ అంటే వినడానికే బాగాలేదు.” నిజమే, ఆ క్రియ తెలుగు కాదు. కాని మన భాషలో కర్త కోరిక లేకుండా జరిగే పనికి క్రియలకేం కొదవ లేదు. ఊడుతుంది, ఒరుగుతుంది, చేరుతుంది, అమరుతుంది, పేరుకుంటుంది, పొర కడుతుంది. ఒక ఆదివారం కూచుని ఇద్దరం ఒక కాగితం నిండా రాసుకున్నాం. ‘పంచుకోవడం’ తీసెయ్యాలా వద్దా అన్నదాని మీద మాకు ఏకాభిప్రాయం కుదరలేదు. ఆమె ఉంచుదామంది, నేను సరేనన్నాను.

పోయిన వారం కొత్త ప్రతి తెచ్చి ఇచ్చింది. ఇప్పుడు వ్యాసం ప్రయోగశాలలో గాక ఉప్పుమడిలో మొదలవుతుంది. జంట పోయింది, ఆరుగురు పొరుగువాళ్ళు వచ్చారు. 496, 349, 787 అంకెలు చీరాల బజారులో బేరం జరిగినట్టు సరదాగా వచ్చాయి. మూడో పేజీలో మాత్రం ఒకచోట క్లోరిన్ ఇంకా కృతజ్ఞతతోనే ఉంది. ఆ మాట కింద పెన్సిలుతో గీత గీసి తిరిగి ఇచ్చాను.